తల లేని కొంగ

తిరుపతి,
3 మార్చి 2025.

లోకేశ్వరికి అక్క ప్రసూనాంబ ఆశీస్సులు.

కవరు మీద నా చేతిరాత చూసి నువ్వు కుర్చీ వెతుక్కుని ఉంటావు. కూర్చునే చదువు. ముప్పై నాలుగేళ్ల కిందట కాణిపాకంలో వినాయకుడి ఎదుట మనం చేసిన ప్రమాణం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పళ్లెంలో మిగతా సగం నీ చేత్తో నా చేతికి ఇచ్చేదాకా నీతో మాట్లాడను" అని నేనన్నాను. సొంతంగా ఒక్క మాట కలపడం చేతకాక నువ్వూ అదే అన్నావు. మాట్లాడనని అన్నాం గానీ రాయనని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఈ సంగతి తోచడానికి నాకు ఇంతకాలం పట్టింది. నీకు ఇంకా తోచలేదు కాబట్టి నేనే నయం.

సంగతి ఏమంటే, నా మనవరాలు నందిత యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చదువుతోంది. మొన్న బీరువా సర్దుతుంటే పింగాణీ పళ్లెం దాని కంటబడింది. ఆ పళ్లేన్ని నేను ఎవరినీ ముట్టుకోనివ్వనని నీకు తెలుసు. అయినా చేతులు కడిగించి, కింద దుప్పటి పరిచి, కాసేపు చూడనిచ్చాను. అది పళ్లేన్ని బోర్లించి, సెల్లు లైటు వేసి, అడుగున ముద్రలు చూసి "అవ్వా, ఇది మనింటికి ఎట్లా వచ్చింది?" అని అరిచింది.

ఉన్నదే చెప్పాను. మన తాత చిన్నబ్బ చిత్తూరులో ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. దొర సామాను సర్దుకుని ఓడెక్కేటప్పుడు తాతకు రెండు పళ్లేలు ఇచ్చి పోయాడు. మన అమ్మ చంద్రకాంతమ్మ వాటిని పాత చీరలో చుట్టి పెట్టెలో దాచి, నా పెళ్లికి ఒకటి, నీ పెళ్లికి ఒకటి ఇచ్చింది. ఒకదాని సంగతి ఇంకొకరికి చెప్పలేదు. అమ్మ పోయిన పదకొండోనాడు మాటల్లో బయటపడింది. నా పళ్లెంలో కొంగకు తల లేదు కాబట్టి తల నీ దాంట్లో ఉందని నేను, నీ దాంట్లో బొమ్మ సగమే కాబట్టి మిగతాది నా దగ్గర ఉందని నువ్వు. "ముందు నువ్వు చూపించు" అంటే "నువ్వు చూపించు" అని పొద్దుగూకేదాకా అరుచుకుని, మర్నాడు కాణిపాకం బస్సెక్కాం.

ఇదంతా విని నందిత పడీ పడీ నవ్వింది. ఎందుకే అంటే "ముందు చిన్నవ్వ పళ్లెంలో ఏముండాదో తెలుసుకో, తర్వాత చెప్తా" అంది. కాబట్టి నీ పళ్లెంలో ఏముందో ఉన్నదున్నట్టు రాయి. చూపించమని అడగడం లేదు, గమనించు.

ఇక్కడ అందరూ కులాసా. ఈమధ్య కుక్కరు విజిలు నాకు చెప్పకుండానే వచ్చి పోతోంది. పప్పు రెండుసార్లు మాడింది.

ఇట్లు,
నీకన్నా నాలుగేళ్లు ముందు పుట్టిన
ప్రసూనాంబ


ఐరాల,
15 మార్చి 2025.

అక్కకు లోకేశ్వరి నమస్కారం.

ఉత్తరం అందింది. కుర్చీ వెతుక్కోలేదు, అరుగు మీద నిలబడే చదివాను. పోస్టుమాను నన్ను చూసి భయపడి నీళ్లు కావాలా అని అడిగాడు, అంతే.

నువ్వు రాయడం బాగానే ఉంది గానీ ముందు నాకు ఒకటి చెప్పు. ఫిబ్రవరిలో చిత్తూరు పెళ్లిలో నువ్వు చేసిన పని ఏమిటి? మన ప్రమాణం పుణ్యమా అని మా ఆయన మునిరత్నం ముప్పై నాలుగేళ్లుగా మనిద్దరి మధ్య తిరుగుతున్నాడు. "సాంబారు బాగుండాదని మీ వదినకు చెప్పండి" అని నేను, "ఉప్పు తక్కువని మీ ఆమెకు చెప్పు" అని నువ్వు. పాపం, ఆయన రెండూ విని సొంతంగా ఏదో మంచిమాట కలిపి చెబుతాడు. ఆ రోజు నేను పంపితే నీ పక్కన నిలబడి "వదినా, బాగుండావా అని అడగమనింది" అని మూడుసార్లు అడిగినాడట. నువ్వు తల కూడా తిప్పకుండా మైసూరుపాకు తింటూ కూర్చున్నావట. ఆయన ఇంటికొచ్చి "ఇంక నా వల్ల కాదే, నన్ను మనిషిగా కూడా చూడలేదు మీయక్క" అన్నాడు. ఆ పూట సంగటి కూడా ముట్టలేదు.

సరే, పళ్లెం సంగతి. నేను నీలాగ బీరువాలో పెట్టి తాళం వేయలేదు. ప్రమాణం చేసిన ఏడాదే తీగతో కట్టించి దేవుడి గూట్లో మేకుకు తగిలించాను. శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ. ఎందుకంటావా, దాంట్లో ఉన్నది సాక్షాత్తూ మత్స్యావతారం. ఎడమపక్క పైన పెద్ద చేప. ఒళ్లూ, రెక్కలూ, చీలిన తోకా ఉన్నాయి. తల మాత్రం అంచుకు అవతల. మధ్యలో గుండ్రంగా చక్రం. దాని పక్కన కణుపులు కణుపులుగా గద. కుడిపక్క కిందుగా సగం శంఖం. ఇంత స్పష్టంగా ఉంటే మా ఆయన "నాకు చేప సరిగ్గా కనపడలేదే" అంటాడు. ఆయనకు కంటాపరేషను ముందు కనపడలేదు, తర్వాతా కనపడలేదు.

ఆ చేప తల నీ దగ్గరే ఉంది. కొంగ అని పేరు మార్చి దాచుకున్నావు.

లోకేశ్వరి


తిరుపతి,
28 మార్చి 2025.

చెల్లెలు లోకేశ్వరికి,

నీ ఉత్తరం చదివి నేనూ ఆశ్చర్యపోయాను. నా పళ్లెంలో చేప లేదు, శంఖం లేదు. ఎడమపక్క పైన సగం తెరిచిన విసనకర్ర. నడుమ నిండు చందమామ. పక్కన వెదురు. కుడిపక్క కిందుగా కొంగ, వెనక్కి చాపిన కాళ్లతో అంచు దాటి ఎగిరిపోతోంది. మెడా, తలా లేవు. అంతా కాఫీడికాషను రంగులో ఉంటుంది. నీ దాంట్లో పైనున్నది నా దాంట్లో లేదు, నా దాంట్లో ఉన్నది నీ దాంట్లో లేదు. అంటే రెండూ కలిస్తేనే బొమ్మ. ముప్పై నాలుగేళ్లుగా నేనన్నది ఇదే కదా అని నందిత ముందు గెలిచినట్టే నిలబడ్డాను.

అది ఒప్పుకోలేదు. కూర్చోబెట్టి పాఠం చెప్పింది. అదంతా నీకు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

ఈ పళ్లెం ఇంగ్లండులో చేసిందట. సుమారు నూట నలభై ఏళ్ల నాటిది. అప్పట్లో జపాను సరుకు ఓడల మీద వాళ్ల దేశానికి రావడం మొదలై, ఆ బొమ్మలంటే వాళ్లకు పిచ్చి పట్టిందట. ఎక్కడ చూసినా విసనకర్రలే, వెదుళ్లే, కొంగలే. ఉన్నవాళ్లు అసలైన జపాను సామాను తెప్పించుకున్నారు. లేనివాళ్లకు మాత్రం మోజు ఉండదా? వాళ్ల కోసం అక్కడి కార్ఖానాలవాళ్లు రోజూ అన్నం తినే మామూలు పళ్లేల మీద ఆ బొమ్మలు అచ్చు వేసి అమ్మారట. నగరి మగ్గం మీద కంచి అంచు నేసినట్టు అనుకో. జపాను మొహం చూడని మనిషి గీసిన జపాను ఇది.

సగం బొమ్మ సంగతి అడిగాను. "వాళ్లు గీసే పద్ధతే అంత అవ్వా. అంతా నడిమధ్యలో పెట్టి సూపించరు. ఒక పక్కకు జరిపి, అంచు కాడ కోసేస్తారు. మిగతాది సూసేవాళ్లు ఊహించుకోవాల" అంది. ఊహించుకోవాలట! నేనయితే పరీక్షలో ఇట్లా సగం రాసి, మిగతాది ఊహించుకోండి అన్నవాడికి సున్నా వేసేదాన్ని.

ఇంకొకటి చెప్పింది. రాగి రేకు మీద బొమ్మ చెక్కి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని పళ్లేనికి అతికిస్తారట. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లు చేసేవాళ్లట. నా పళ్లెం అంచు చుట్టూ ఉన్న పూలతీగ ఒకచోట తెగి మళ్లీ మొదలవుతుంది. మన రెండు పళ్లేలూ అతికే చోటు అదేనని నేను ఇన్నాళ్లూ నమ్మాను. కాదట. ఎవతో తొందరలో కాగితం సరిగ్గా కలపలేదట, అంతే. ఒక్క రేకుతో వేల పళ్లేలు చేసేవాళ్లు. అన్నిటి మీదా అదే కొంగ, ఒక్కదానికీ తల లేదు.

అలాంటప్పుడు నీ దాంట్లో చేప ఎట్లా వచ్చింది అని అడిగాను. "చిన్నవ్వ ఇంటికి పోయి సూడాల" అంటోంది. పంపనా?

పెళ్లి సంగతికి నా తప్పు కాయి. మునిరత్నం అడగడం నాకు వినపడలేదు. మేళం గోల.

నీ క్షేమం కోరే
ప్రసూనాంబ


ఐరాల,
9 ఏప్రిల్ 2025.

అక్కకు,

మేళం గోలట! తాళి కట్టి గంటయ్యాక మేళంవాళ్లు మన పక్క వరుసలో కూర్చుని పాయసం తింటున్నారు. నాకు చెప్తావా?

నీ జపాను కథ మా ఆయనకు చదివి వినిపించాను. "మీయక్క పంతులమ్మ, ఊరికే రాయదు" అని ఆయన నీ పక్షం చేరాడు. ఇంగ్లండువాడు చేసిన పళ్లెం మీద జపానువాడి కొంగ వచ్చి చిత్తూరులో వాలిందట, దాన్ని నేను నమ్మాలట. చేప తల ఇవ్వకుండా ఎగ్గొట్టడానికి రెండు దేశాల మీదుగా తిరిగి వచ్చావు. అయినా దొర బంగళాలో ఉన్నది రోజూ తిండి తినే చవక పళ్లెం ఎట్లా అవుతుంది? దొరలు దాంట్లో ఏం పెట్టుకుని తిన్నారో నందితకు తెలిసి ఉంటే నాకు రాయవద్దని చెప్పు. దేవుడి గూట్లో ఉంది అది.

పిల్లను పంపు. సంవత్సరాలుగా చూడలేదు, చూసినట్టు ఉంటుంది. పళ్లేన్ని మాత్రం మేకు మీద నుంచి దించనివ్వను.

బంగారుపాళ్యం నుంచి మా వియ్యంకుడు ఆవకాయకు కాయలు పంపాడు. ఒక సంచి మీకు కూడా బస్సులో వేయించాను. కాయలకు ప్రమాణం వర్తించదు. మెంతిపిండి ఎక్కువ వేయకు, నీ చేతి ఆవకాయ ఎప్పుడూ చేదే.

లోకేశ్వరి


ఐరాల,
2 మే 2025.

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నందిత నిన్న వచ్చింది. కాళ్లు కడుక్కుని, దేవుడి గూటి ముందు నిలబడి, మెడ అటు వాల్చి ఇటు వాల్చి చూసింది. తర్వాత చేతులు నేల మీద ఆనించి తల కిందికి పెట్టి, తన కాళ్ల సందులోంచి చూసింది! ఎం.ఏ. చదివే ఆడపిల్ల! మా ఆయన కంగారుపడి "ఏమైందమ్మా, కళ్లు తిరుగుతా ఉండాయా?" అని చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆ పిల్ల లేచి, "చిన్నవ్వా, దించను, ఒక్కసారి తిప్పతా" అని అడిగింది. దించనని మాట ఇచ్చింది కదా అని సరే అన్నాను. మేకు మీదే పళ్లేన్ని అర చుట్టు తిప్పింది.

నా మత్స్యావతారం కొంగ అయిపోయింది అక్కా. చీలిన తోక కాళ్లయింది. శంఖం విసనకర్ర అయింది. గద వెదురుబొంగు. చక్రం చందమామ. అన్నీ నువ్వు రాసినచోటే ఉన్నాయి. కట్టినవాడు తలకిందులుగా కట్టాడు, నేను తలకిందులుగా పూజ చేశాను. ముప్పై నాలుగేళ్ల శుక్రవారాల పసుపు, కుంకుమ ఒక ఇంగ్లీషు కొంగ కాళ్లకు పెట్టాను. మా ఆయన ఒక మూల నిలబడి "నాకు చేప కనపడలేదని అప్పుడే చెప్పినా గదా" అన్నాడు. ఆయన జీవితంలో ఇంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

గోడ సందులో సెల్లు లైటు వేసి చూసింది, వెనక అడుగున డైమండు ఆకారంలో ముద్ర కూడా నీ దాంట్లో ఉన్నట్టే ఉందట. రెండూ ఒకటే. అమ్మ మనిద్దరికీ సమానంగా ఇచ్చింది. తలా లేదు, తోకా లేదు, మిగతా సగం అనేదే ఎక్కడా లేదు. అది తెలిసి నవ్వు వచ్చింది, నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. లేనిదానికోసం ఇన్నేళ్లు నీ గొంతు వినకుండా కూర్చున్నాను.

అప్పుడు ఆ పిల్ల నోరు జారింది. "చిన్నవ్వా, తొందరగా మాట్లాడుకోండి, అవ్వకు ఇప్పుడే ఒక చెవి లేదు" అంది. గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పింది. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడిది కూడా ఆరు నెలలో, ఏడాదో అన్నాడట డాక్టరు. మిషను పెట్టినా పెద్దగా లాభం లేదన్నాడట. కుక్కరు విజిలని నాకు కతలు రాస్తావా? మేళం గోలని అబద్ధం ఆడతావా? మా ఆయన ఆ రోజు నీ ఎడమపక్క నిలబడి అడిగినాడట. ఇప్పుడు ఆయన గుమ్మం దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరం ఎందుకు రాసిందా అనుకున్నాను. చెవి పోయేలోపల చెల్లెలి మాట వినాలనుకుంటే ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయవచ్చు కదా. నీ పొగరు నీది.

ఈరోజు పొద్దున్నే కాణిపాకం పోయాను. ఫోను చేతిలోనే ఉంది, నీ నంబరు నొక్కితే అయిపోతుంది. కానీ ఆ దేవుడి ముందు చేసిన ప్రమాణం, దాటితే ఎవరికి ఏమవుతుందోనని భయం. అక్కడ ఒక పెద్దాయన కనిపిస్తే సంగతి చెప్పి దారి అడిగాను. పళ్లెం, కొంగ, చేప అన్నీ ఓపిగ్గా విన్నాడు. "ఏమని అన్నావో అది తీర్చుకోవాల తల్లీ, వేరే దారి లేదు" అన్నాడు. లేని సగాన్ని ఎక్కడినుంచి తెచ్చి నీ చేతిలో పెట్టేది? తిరిగొచ్చే దారంతా ఆలోచించినా నాకు తోచలేదు. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.

నీ చెల్లెలు
లోకా


తిరుపతి,
14 మే 2025.

లోకాకు,

ఎన్నేళ్లయింది నిన్ను ఈ పేరుతో పిలిచి.

చెవి సంగతి రాయకపోవడం పొగరే. ఒప్పుకుంటున్నాను. "జాలిపడి మాట్లాడింది" అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. పక్కింటివాళ్లు తిరుమల దర్శనం టికెట్లకు సిఫారసు చేయమని వచ్చి అరగంట మాట్లాడి వెళ్లారు, నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఎన్ని టికెట్లకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఎవరి మాట వినపడకపోయినా నాకు పెద్ద బాధ లేదు. నీ గొంతు మాత్రం ఒక్కసారి వినాలని ఉంది. చిన్నప్పుడు నువ్వు అటక మీద ఎక్కి అమ్మ మీద అరిచే అరుపు ఉంది చూడు, అది వినాలని ఉంది.

ఒక విషయం జరిగింది. మొన్న పళ్లేన్ని తుడుస్తుంటే చేయి జారి కింద పడింది. అదృష్టవశాత్తూ చిన్నాభిన్నం కాలేదు. సరిగ్గా మధ్యన రెండు ముక్కలైంది. ఒక ముక్కలో విసనకర్ర, సగం చందమామ. ఇంకొక ముక్కలో కొంగ, మిగతా సగం చందమామ. పెద్దగా బాధపడలేదు. చవక పళ్లేలట కదా, పగిలేవే.

కాబట్టి ఇప్పుడు పళ్లెంలో సగం అనేది నా దగ్గర ఉంది. నువ్వు వస్తే కొంగ ముక్క నా చేత్తో నీ చేతికి ఇస్తాను. నీ ప్రమాణం తీరిపోతుంది, నువ్వు మాట్లాడవచ్చు. నా ప్రమాణానికి నీ దగ్గర సగం లేదు కాబట్టి నేను మాట్లాడలేను. ఫరవాలేదు. నువ్వు మాట్లాడు, నేను వింటాను. నాకు కావలసింది అదే. నీ పళ్లేన్ని మాత్రం ఏమీ చేయవద్దు. ఒక్కటైనా మిగలాలి.

వచ్చేటప్పుడు మునిరత్నాన్ని కూడా తీసుకురా. కుడిపక్క కూర్చోబెట్టి క్షమాపణ చెప్పుకుంటాను.

నీ అక్క
ప్రసూన


ఐరాల,
17 మే 2025.

అక్కా,

ఉత్తరం ఇప్పుడే చదివాను. సోమవారం పొద్దున మొదటి బస్సుకు బయల్దేరుతున్నాం. ఈ ఉత్తరం సెలవులని ఇక్కడే ఉన్న నందిత చేతికి ఇచ్చి ముందుగా పంపుతున్నాను, నేను గుమ్మంలో నిలబడేసరికి నువ్వు చదివి ఉండాలి.

నీకు చదువు ఉంది గానీ తెలివి లేదు. కొంగ ముక్క నీ చేత్తో నాకు ఇస్తావు. నేను తీసుకుంటాను. నా ప్రమాణం తీరింది. అప్పుడు అది నా ముక్కే కదా? ఆ ముక్కను నా చేత్తో మళ్లీ నీ చేతిలో పెడతాను. నీ దగ్గర ఉన్నది విసనకర్ర సగం, నేను ఇచ్చింది మిగతా సగం. నీ ప్రమాణమూ తీరింది. మా ఆయన సాక్షి. కాణిపాకం పెద్దాయన ఇంతకన్నా ఏం అడుగుతాడు?

నా పళ్లేన్ని మేకు మీద నుంచి దించి, చింతపండు వేసి తోమి, చీరలో చుట్టి తెస్తున్నాను. ఇన్నాళ్లూ పూజ చేయించుకుంది చాలు, దేనికోసం చేశారో ఆ పనికి రానీ. దాంట్లో సంగటి పెట్టుకుని, నీ చేదు ఆవకాయ వేసుకుని ఇద్దరం తిందాం.

వచ్చిన వెంటనే నీ కుడిపక్కనే కూర్చుంటాను. మొదటి మాట నేనే అంటాను. అటక మీద నుంచి అరిచినట్టే అరుస్తాను. ఒకవేళ అప్పటికి ఆ చెవి కూడా సరిగ్గా పనిచేయకపోతే నువ్వు బెంగపడకుండా, ఏమంటానో ఇక్కడే రాస్తున్నాను. వినపడకపోతే చదువుకో.

"అబద్ధాలకోరు అక్కా! పళ్లెం జారి పడలేదు, నువ్వే పగలగొట్టినావు."

లోకా